రైతు సందేశానికి వ్యాకరణం: తెలుగులో సంక్షిప్త ఆజ్ఞలను కంప్యూటరు చేత చదివించే విధానం

"వరి 2 ఎకరాలు యూరియా 90 కిలోలు వేశాను." "వరి 2 ఎకరాలు యూరియా 90 కిలోలు వేయలేదు." "వరి 2 ఎకరాలు యూరియా 90 కిలోలు వేయాలా?" ఈ మూడు సందేశాలలో మొదటి ఆరు పదాలూ ఒక్కటే, చివరి పదం మాత్రమే వేరు. మొదటిది జరిగిన పనికి నమోదు. రెండవది పని జరగలేదని చెప్పే సమాచారం. మూడవది సలహా కోరే ప్రశ్న. పైరు పేరు, ఎరువు పేరు, రెండు అంకెలు వెతికి పట్టికలో రాసుకొనే ప్రోగ్రాము ఈ మూడింటినీ ఒకే ఎరువు నమోదుగా స్వీకరిస్తుంది. ఎరువు వేయని రైతు కూడా వేసినవాడిగానే లెక్కకు వస్తాడు. ఆ పట్టికను ఆధారం చేసుకొని పైపాటు ఎరువు సలహా పంపితే, నత్రజని కొరతతో ఉన్న పైరుకు ఎరువు అవసరం లేదన్న జవాబు వెళుతుంది.

సెల్‌ఫోను సందేశాల ద్వారా సేద్యపు వివరాలు సేకరించాలన్న ఆలోచన విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. మోటార్లను సందేశంతో నడిపించే మొబైల్ స్టార్టర్లు రెండు తెలుగు రాష్ట్రాలలోని రైతులకు సుపరిచితమే. అయితే అవి స్వీకరించేవి ముందుగా నిర్ణయించిన సంకేతాలు. రైతు తన మాటలలో రాసిన చిన్న వాక్యాన్ని కంప్యూటరు చదవాలంటే ఆ వాక్య నిర్మాణాన్ని సూత్రాలుగా రాసి ఇవ్వవలసి ఉంటుంది. ఆ సూత్రాల సముదాయమే ప్రోగ్రామింగ్ పరిభాషలో వ్యాకరణం. దానిని అనుసరించి వాక్యాన్ని విడదీసి, ఏ పదం ఏ పాత్రలో ఉన్నదో తేల్చే ప్రోగ్రాము పార్సర్. పార్సర్ తేల్చిన నిర్మాణాన్ని విశ్లేషణ వృక్షం అంటారు.

ఇటువంటి సూత్రాలను రాసే పద్ధతికి 1959లో జాన్ బాకస్ ఒక రూపం ఇచ్చారు. పీటర్ నార్ సంపాదకత్వంలో 1960లో వెలువడిన ఆల్గాల్ 60 నివేదిక దానిని ప్రసిద్ధం చేసింది. అందుకే దానిని బాకస్-నార్ రూపం అంటున్నారు. సూత్రాలతో భాషను నిర్వచించే ఈ ఆలోచన పాణినిలో ఎంతో ముందే కనిపిస్తుంది కనుక దీనిని పాణిని-బాకస్ రూపం అనాలని 1967లో పీటర్ ఇంగర్‌మన్ ప్రతిపాదించారు. ఆ పేరు స్థిరపడలేదు. విభక్తులు, కారకాలు బడిలోనే చదువుకొన్న తెలుగు విద్యార్థికి మాత్రం ఈ రంగంలో కొంత సౌలభ్యం ఉంది. దాని ప్రయోజనం ఈ వ్యాసంలోనే ముందుముందు కనిపిస్తుంది.

మొదటి ప్రయత్నం

విద్యార్థులు సాధారణంగా రాసే తొలి వ్యాకరణం ఈ విధంగా ఉంటుంది. బాణపు గుర్తుకు "ఈ విధంగా ఏర్పడుతుంది" అని, నిలువు గీతకు "లేదా" అని అర్థం.

నమోదు → పైరు విస్తీర్ణం ఎరువు పరిమాణం
విస్తీర్ణం → సంఖ్య భూమానం
పరిమాణం → సంఖ్య తూకం
పైరు → వరి | పత్తి | మొక్కజొన్న | వేరుశనగ
ఎరువు → యూరియా | డీఏపీ | పొటాష్
భూమానం → ఎకరాలు | గుంటలు | సెంట్లు
తూకం → కిలోలు | బస్తాలు

ఇది "వరి 2 ఎకరాలు యూరియా 90 కిలోలు" అన్న సందేశాన్ని తప్పు లేకుండా చదువుతుంది. "యూరియా 90 కిలోలు వరి 2 ఎకరాలు" అంటే మాత్రం తిరస్కరిస్తుంది. తెలుగులో రెండూ సహజమైన వాక్యాలే. పైరు, విస్తీర్ణం, ఎరువు, పరిమాణం అనే నాలుగింటిని 24 విధాలుగా అమర్చవచ్చు. 24 సూత్రాలు రాయడం వివేకం కాదు. ఆంగ్ల ఆజ్ఞలలో పదాల వరుసే అర్థాన్ని నిర్ణయిస్తుంది కనుక ఆంగ్ల ఉదాహరణలతో నిండిన పాఠ్యపుస్తకాలు వరుసకు ప్రాధాన్యమిస్తాయి. తెలుగు వాక్యంలో ఖండాలు స్థానం మార్చుకోగలవు. క్రియ మాత్రం సాధారణంగా చివరనే ఉంటుంది. కాబట్టి వ్యాకరణం కూడా ఆ స్వభావాన్నే అనుసరించాలి.

వాక్యం → ఖండాలు క్రియ
ఖండాలు → ఖండం | ఖండాలు ఖండం
ఖండం → పైరు | విస్తీర్ణం | ఎరువు_ఖండం
ఎరువు_ఖండం → ఎరువు పరిమాణం | పరిమాణం ఎరువు
క్రియ → నమోదు_క్రియ | నిషేధ_క్రియ | ప్రశ్న_క్రియ

రెండవ సూత్రంలో "ఖండాలు" అన్నది తన నిర్వచనంలో తానే కనిపిస్తుంది. ఎన్ని ఖండాలు వచ్చినా స్వీకరించడానికి ఇదే మార్గం. పైరు ఒక్కసారే వచ్చిందా, విస్తీర్ణం అసలు ఉన్నదా అన్న పరిశీలన వ్యాకరణం పని కాదు. వృక్షం తయారైన తరువాత వేరే దశలో దానిని సరిచూడాలి. ఎరువును, దాని పరిమాణాన్ని ఒకే ఖండంగా కట్టివేయడానికి కారణం ఉంది. "యూరియా 90 కిలోలు పొటాష్ 40 కిలోలు" అన్న సందేశంలో ఏ తూకం ఏ ఎరువుదో ఈ జతకట్టడం వల్లనే నిశ్చయంగా తేలుతుంది.

క్రియ చివర ఉండటం పార్సర్ ఎంపికను కూడా ప్రభావితం చేస్తుంది. మొదటి పదాన్ని చూసి ఇది ఏ రకమైన ఆజ్ఞో ఊహించి, పై నుంచి కిందికి విశ్లేషించే పార్సర్లు రాయడం తేలిక. క్రియతో మొదలయ్యే ఆంగ్ల ఆజ్ఞలకు అవి చక్కగా సరిపోతాయి. తెలుగులో నమోదు, నిషేధం, ప్రశ్న మూడూ "వరి" అనే మొదలవుతాయి కనుక చివరి వరకు చదివితే తప్ప రకం తెలియదు. పైగా, పై సూత్రంలో మాదిరిగా ఎడమ అంచునే తనను తాను పిలుచుకొనే నిర్వచనం ఎదురైతే అటువంటి పార్సర్లు అంతులేని చక్రంలో పడతాయి. పదాలను కింది నుంచి పైకి కూర్చుకుంటూ వెళ్లే పద్ధతికి గాని, 1970లో జే ఎర్లీ ప్రచురించిన పద్ధతికి గాని ఈ ఇబ్బంది లేదు.

పదాలను విడదీయడంలోనే సగం కష్టం

పార్సర్ పని మొదలు కావడానికి ముందు సందేశాన్ని పదాలుగా, అంకెలుగా విడదీయాలి. ఈ దశ చిన్నదని భావించి దానిని చివరి రోజుకు వాయిదా వేసే విద్యార్థులు చాలా నష్టపోతారు.

పైథాన్‌లోని ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీ "పదంలోని అక్షరం" అన్న గుర్తుకు తెలుగు గుణింతపు గుర్తులను లెక్కలోకి తీసుకోదు. దానితో "ఎకరాలు" అన్న పదాన్ని విడదీస్తే "ఎకర", "ల" అనే రెండు ముక్కలు వస్తాయి. దీర్ఘం, కొమ్ము రాలిపోతాయి. తెలుగు వర్ణ సంకేతాల పరిధిని స్పష్టంగా పేర్కొని రాసుకోవడం దీనికి పరిష్కారం. "రైతు" అన్న పదంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వము మరియు దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే, కంప్యూటరుకు వేరువేరు. ముందుగా యూనికోడ్ సాధారణీకరణ జరిపితే ఈ భేదం పోతుంది. "ఆన్" వంటి పొల్లు పదాల చివర కొన్ని కీబోర్డులు కనిపించని విభజన సంకేతాన్ని చేరుస్తాయి. దానిని కూడా తొలగించాలి.

అంకెల సంగతి వ్యవసాయ రంగంలో మరింత చిక్కు. "20-20-0-13 2 బస్తాలు" అన్న సందేశంలో మొదటి నాలుగు అంకెలు ఎరువు పేరు, అయిదవదే పరిమాణం. "1010 2 ఎకరాలు" అని రాసిన రైతు ఎంటీయూ 1010 రకం వరిని ఉద్దేశించాడు. 5204 అన్నా, 15048 అన్నా అవీ రకాల పేర్లే. పద విభజనలో సాధ్యమైనంత పొడవైన పదాన్ని ముందుగా గుర్తించాలన్న నియమం కాంప్లెక్స్ ఎరువుల విషయంలో చాలావరకు కాపాడుతుంది. రకాల సంఖ్యలకు అది చాలదు. 1010కి తరువాత భూమానం గాని తూకం గాని వచ్చిందా, మరొక సంఖ్య వచ్చిందా అన్నది చూడాలి. అంటే నిర్ణయాన్ని వ్యాకరణానికి వదిలిపెట్టాలి. పైరు సూత్రంలో "రకం_సంఖ్య" అన్న మరొక ప్రత్యామ్నాయాన్ని చేర్చి, ఒకే అంకె రెండు పాత్రలలో దేనికైనా తగినదిగా ఉంచితే, సరిపడని పాత్ర విశ్లేషణలో దానంతట అదే తొలగిపోతుంది.

భిన్నాలకు తెలుగులో ప్రత్యేక పదాలున్నాయి. "రెండున్నర ఎకరాలు" అంటే 2.5 ఎకరాలు. "ఎకరన్నర" అంటే 1.5 ఎకరాలు, ఇక్కడ సంఖ్య, కొలమానం కలిసి ఒకే పదమయ్యాయి. "రెండెకరాలు" అన్నచోట సంధి జరిగి మధ్యలో ఖాళీ పోయింది. సంధిని విడదీసే సార్వత్రిక ప్రోగ్రాము రాయబూనడం ఈ పనికి అనవసరం. విస్తీర్ణాన్ని తెలిపే ఇటువంటి పదాలు పరిమితం; పట్టిక రాసుకొంటే సరిపోతుంది. ఆంగ్ల లిపిలో తెలుగు రాసే రైతుల కోసం అదే పట్టికలో మరొక వరుస చేర్చవచ్చు.

విభక్తిని తీసివేయరాదు

తెలుగు పాఠాన్ని కంప్యూటరుతో విశ్లేషించేవారు చాలామంది మొదట చేసే పని ప్రత్యయాలను కత్తిరించి మూల పదాన్ని మిగుల్చుకోవడం. సమాచార శోధనకు అది ఉపయోగపడవచ్చు. ఆజ్ఞల విషయంలో అది ప్రమాదకరం. మోటారుకు పంపే సందేశాలనే తీసుకొంటే, "3 గంటలు నడుపు" అన్నది వ్యవధి. "3 గంటలకు ఆపు" అన్నది గడియారపు వేళ. "3 గంటల తర్వాత ఆపు" అన్నది ఇప్పటి నుంచి లెక్కించే గడువు. ప్రత్యయాలు కత్తిరిస్తే మూడింటిలోనూ మిగిలేది "3 గంట". రాత్రి 9 గంటలకు "3 గంటలకు ఆపు" అని పంపిన రైతు మోటారు తెల్లవారుజామున ఆగాలని కోరుతున్నాడు. దానిని వ్యవధిగా చదివిన ప్రోగ్రాము అర్ధరాత్రికే ఆపివేస్తుంది.

పరిష్కారం కష్టం కాదు. "గంటలకు" అన్న పదాన్ని "గంట", "బహువచనం", "కు" అని మూడు అంశాలుగా విడదీసి, మూడింటినీ పార్సర్‌కు అందించాలి. అప్పుడు విభక్తే సూత్రంలో భాగమవుతుంది:

వ్యవధి → సంఖ్య గంట బహువచనం
వేళ → సంఖ్య గంట బహువచనం కు

ఖండాలు స్థానం మారినా అర్థం చెడని స్వేచ్ఛను తెలుగు వాక్యానికి ఇచ్చింది ఈ విభక్తులే. వరుసను సడలించిన వ్యాకరణం విభక్తిని కూడా విడిచిపెడితే దాని చేతిలో ఆధారమే మిగలదు.

ఎరువు మోతాదు విషయంలోనూ ఇదే జరుగుతుంది. "ఎకరాకు 90 కిలోలు" అంటే ఎకరా లెక్క. "2 ఎకరాలకు 90 కిలోలు" అంటే మొత్తం లెక్క. రెండింటిలోనూ ఉన్నది "కు" ప్రత్యయమే. ముందు సంఖ్య ఉన్నదా లేదా అన్నదే భేదం. రైతులు సందేశం టైపు చేసేటప్పుడు తరచుగా ఈ ప్రత్యయాన్ని వదిలివేస్తారు. వ్యాసం ఆరంభంలోని సందేశం అటువంటిదే. 90 కిలోలు రెండెకరాలకు కలిపి అయితే ఎకరాకు 45 కిలోలు, అంటే 46 శాతం నత్రజని లెక్కన 20.7 కిలోల నత్రజని. ఎకరాకే 90 కిలోలైతే 41.4 కిలోలు. నత్రజని ఇంతకింత అయిన వరి పొలంలో పైరు పడిపోవడం, అగ్గి తెగులు, సుడిదోమ ఉద్ధృతి వంటివి గమనించవలసిన శాస్త్రవేత్తకు ఆ నమోదు ఏ అర్థంలో చేరిందన్నది చిన్న విషయం కాదు.

సందిగ్ధతను వ్యాకరణంలోనే రాయడం

ప్రోగ్రామింగ్ భాషల పాఠ్యపుస్తకాలు వ్యాకరణంలో సందిగ్ధత ఉండరాదని బోధిస్తాయి. ఒక వాక్యానికి రెండు వృక్షాలు వస్తే అది దోషం. ప్రోగ్రామింగ్ భాషను తయారు చేసేవాడు దానిని వాడేవారికి నియమం విధించగలడు కనుక అక్కడ ఆ బోధన సముచితమే. రైతు భాషకు నియమం విధించే అధికారం శాస్త్రవేత్తకు లేదు. అందువల్ల ఇక్కడ దానికి విరుద్ధమైన మార్గం మేలు: వాక్యంలో నిజంగా ఉన్న సందిగ్ధతను వ్యాకరణంలో ఉద్దేశపూర్వకంగా రాయాలి. ఇందుకోసం ఎరువు_ఖండంలోని "పరిమాణం" స్థానంలో "మోతాదు"ను ఉంచి, దానిని ఇలా నిర్వచించవచ్చు.

మోతాదు → మొత్తం_మోతాదు | ఎకరా_మోతాదు
మొత్తం_మోతాదు → పరిమాణం | "మొత్తం" పరిమాణం
ఎకరా_మోతాదు → పరిమాణం | "ఎకరాకు" పరిమాణం

"ఎకరాకు 90 కిలోలు" అన్నప్పుడు ఒకే వృక్షం వస్తుంది. "మొత్తం 90 కిలోలు" అన్నప్పుడూ ఒకటే. ఉత్త "90 కిలోలు" అన్నప్పుడు రెండు వృక్షాలు వస్తాయి. విస్తీర్ణ ఖండంలో "ఎకరాలకు" అన్న రూపం ఉంటే తరువాతి పరిశీలన దశలో ఎకరా లెక్క వృక్షాన్ని తొలగించవచ్చు. అప్పటికీ రెండు మిగిలితే ప్రోగ్రాము ఊహించకుండా రైతునే అడగాలి: "యూరియా 90 కిలోలు: మొత్తానికా, ఎకరాకా?" తెలుగు లిపిలో ఒక ఎస్ఎంఎస్‌లో 70 సంకేతాలకే చోటుంటుంది. ఈ ప్రశ్న 40 కూడా దాటదు.

ఇక్కడ ఉపకరణం ఎంపికలో జాగ్రత్త అవసరం. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రూపొందించిన యాక్ ఇటువంటి సూత్రాలు చూసి వైరుధ్యం ఉన్నదని హెచ్చరిస్తుంది గాని, ఆ తరువాత తన సొంత నియమం ప్రకారం ఒక మార్గాన్ని ఎంచుకొని ముందుకు సాగుతుంది. బ్రయన్ ఫోర్డ్ 2004లో ప్రతిపాదించిన పెగ్ పద్ధతిలో నిలువు గీత స్థానంలో వరుస ప్రాధాన్యం ఉంటుంది. మొదట రాసిన ప్రత్యామ్నాయం సరిపోతే రెండవ దానిని చూడనే చూడదు. ఎటువంటి హెచ్చరికా రాదు. పై సూత్రాలను పెగ్‌లో రాస్తే ప్రతి సందిగ్ధ సందేశమూ మొత్తం లెక్కగానే నమోదవుతుంది. విద్యార్థి తన ప్రోగ్రాము చక్కగా పనిచేస్తున్నదని సంతోషిస్తాడు. పైథాన్‌లోని లార్క్ లైబ్రరీలో ఎర్లీ పద్ధతిని ఎంచుకొని, సందిగ్ధతను దాచకుండా చూపమని కోరితే సాధ్యమైన వృక్షాలన్నీ అందుతాయి. ఎర్లీ పద్ధతి నెమ్మది అన్న విమర్శలో నిజం ఉంది. పది పదాల సందేశానికి ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు.

పెద్ద భాషా నమూనాలు అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ శ్రమ ఎందుకని విద్యార్థులు ప్రశ్నించడం సహజం. స్వేచ్ఛగా రాసిన సందేశాన్ని పొందికైన రూపంలోకి తేవడానికి అవి ఉపకరించవచ్చు. కాని లేని "ఎకరాకు" అన్న పదాన్ని ఊహించి చేర్చే ప్రమాదం వాటితో ఉంది. నమూనా అందించిన వాక్యాన్ని కూడా ఇదే వ్యాకరణం ద్వారా పంపి, రైతు అంగీకారం తీసుకొన్న తరువాతే నమోదు చేయడం క్షేమం.

వ్యాకరణం చెప్పలేనివి

వాక్య నిర్మాణం సరిగా ఉన్నంత మాత్రాన సందేశం సరైనదని కాదు. "బస్తా" ఎంత తూకమో వ్యాకరణానికి తెలియదు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. డీఏపీ బస్తా 50 కిలోలు. పాత లెక్కతో యూరియా బస్తాను 50 కిలోలుగా తీసుకొంటే బస్తాకు 2.3 కిలోల నత్రజని అదనంగా నమోదవుతుంది. ఎకరాకు 40 గుంటలు, 100 సెంట్లు. తెలంగాణ రైతు రాసే 25 గుంటలు 0.625 ఎకరా, ఆంధ్ర రైతు రాసే 25 సెంట్లు 0.25 ఎకరా. ఇవన్నీ కొలమానాల పట్టికలో ఉండవలసినవి. సూత్రాలలో కలిపివేస్తే బస్తా తూకం మారినప్పుడల్లా వ్యాకరణాన్ని తిరగరాయవలసి వస్తుంది. అదే విధంగా, ఎకరాకు 900 కిలోల యూరియా అన్న సందేశాన్ని పార్సర్ ఏ అభ్యంతరమూ లేకుండా చదువుతుంది; ఆపవలసింది పరిమితులను సరిచూసే దశ. అక్షర దోషాలను దగ్గరి పదంతో సరిచేయడం "యూరియ" వంటి మాటలకు తగును. అంకెల జోలికి మాత్రం పోరాదు.

సందేశాలను సేకరించకముందే వ్యాకరణం రాయడం విద్యార్థులలో సాధారణంగా కనిపించే లోపం. గదిలో కూర్చొని ఊహించిన వాక్యాలు ఊహించినవారి మాండలికంలోనే ఉంటాయి. ముందుగా వేర్వేరు మండలాల రైతులు రాసిన సందేశాలను సేకరించి, వాటిలో కొంత భాగాన్ని పరీక్ష కోసం చూడకుండా పక్కన ఉంచాలి. ప్రతి సూత్రానికీ అది స్వీకరించవలసిన వాక్యాలతో పాటు తిరస్కరించవలసిన వాక్యాలను కూడా రాసుకోవాలి. రెండవ జాబితాను చాలామంది రాయరు. "వేయలేదు" అన్న సందేశం నమోదుగా చేరకుండా అడ్డుకొనేది ఆ జాబితాయే.

వ్యవస్థ పని ప్రారంభించిన తరువాత తిరస్కరణకు గురైన సందేశాలను పారవేయకుండా ఒక పుస్తకంగా భద్రపరచి, వారానికొకసారి శాస్త్రవేత్త స్వయంగా చదవాలి. ఉదాహరణకు "యూరియా 90 కిలోలు వేసిన" అన్న సందేశం అసంపూర్ణ వాక్యమని కోస్తా మాండలికం ఆధారంగా రాసిన వ్యాకరణం తిరస్కరిస్తుంది. దాని దృష్టిలో "వేసిన" అన్నది మరొక నామవాచకం కోసం ఎదురుచూసే విశేషణం. తెలంగాణ రైతుకు అది "నేను వేశాను" అని చెప్పే సమాపక క్రియ. సందేశం చివర వచ్చినప్పుడు "వేసిన" అన్న రూపాన్ని నమోదు_క్రియలో చేర్చాలి. "యూరియా వేసిన వరి" అన్నట్లు మధ్యలో వచ్చినప్పుడు విశేషణంగానే ఉంచాలి. మార్పు ఒక్క సూత్రంలోనే. ఆ సూత్రం చేరిన తరువాత పాత తిరస్కరణల పుస్తకాన్నంతా మరొకసారి పార్సర్ ద్వారా పంపి, అప్పటివరకు లెక్కలోకి రాని పొలాలెన్నో చూడాలి.